పాడయినాదా అక్కా?

ఏళ్ళ తరబడి నేను ఒక నవ్వును మోస్తున్నాను. మనసులో బరువు అనగానే అందరూ బండరాయి అంటారు. నాది రాయి కాదు, నవ్వే. మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, ఎవరి పుట్టినరోజుకు కేకు కోసినా, ఎవరో ఒకరు "ఆ పాడయినాదా కత సెప్పక్కా" అంటారు. నేను చెప్తాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను. ఆ కథలో నవ్వులపాలయ్యేది మా తమ్ముడు. వాణ్ణి అలా చేసింది నేను. తెలిసే చేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. పేర్లు రాయను. మలేషియాలో క్లాంగ్‌లో ఉంటానని, పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా కంపెనీ ఆఫీసులో పనిచేశానని, ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు తెలుగు చెప్తానని రాస్తే చాలు, మా వాళ్ళలో సగం మందికి నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి. లారీ డ్రైవర్లతో మాటకు మాట చెప్పి గెలిచినదాన్ని, ఒక్క నిజం చెప్పడానికి జంకుతానా? ఇన్నాళ్ళూ జంకాను. ఇవాళ జంకడం లేదు.

ముందు అందరికీ తెలిసిన కథ చెప్తాను.

మా తమ్ముడు కార్లలో పాటల పెట్టెలు బిగించే పనివాడు. మా నాన్న పాత కారులో కొత్త పెట్టె బిగించి వెళ్ళాడు. మూడు రోజులు తిరక్కుండానే అది మూగబోయింది. ఆ సంగతి వాడికి తెలియదు. వాడి తెలుగు సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఇక్కడ పుట్టి, బడిలో మలాయ్, వీధిలో తమిళం మాట్లాడి పెరిగినవాడు. మాట చివర మలాయ్ "లా" తగిలించడం మా అందరికీ అలవాటే. వాడికి మా మాటలన్నీ అర్థమవుతాయి, తిరిగి చెప్పబోతే తడబడతాడు. పాడటానికీ పాడవటానికీ తేడా తెలియదు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్న కార్లో పెట్టి పాడయినాదా?"

"ఆఁ, పాడయినాది."

"బాగా పాడయినాదా?"

"బాగానే పాడయినాది లా."

"నాన్న ఏటన్నాడు?"

"ఏటంటాడు, సప్పుడు సెయ్యకండా కూకున్నాడు."

వాడు సంబరపడిపోయాడు. తాను బిగించిన పెట్టె పాడుతుంటే నాన్న నోరు మెదపకుండా వింటున్నాడనుకున్నాడు. తరవాతి ఆదివారం మిఠాయి పొట్లంతో చర్చికి వచ్చి, నాన్నకు ఎదురెళ్ళి, పాటలు ఎలా ఉన్నాయని అడిగాడు. నాన్న మండిపడ్డాడు. వీడు తెల్లబోయి, పాడుతోందని అక్క చెప్పిందే అన్నాడు. అప్పుడు నేను అన్న మాట మా వాళ్ళందరికీ కంఠతా వచ్చు. "నువ్వు పాడయినాదా అని అడిగినావు, పాడయినాదనే సెప్పినాను. ముందు తెలుగు నేర్సుకో లా."

చర్చి వాకిలంతా ఘొల్లుమంది. కథ అంతే. తెలుగు తరగతిలో కూడా చెప్తుంటాను, రెండు మాటలకూ తేడా పిల్లలకు మరుపు రాకుండా ఉంటుందని.

ఇందులో అబద్ధం ఎక్కడుందో మీకు కనిపించిందా? ఎవరికీ కనిపించలేదు. ఒక్క మాటైనా అబద్ధం కాకుండా చూసుకున్నాను మరి. ఆ పెట్టె దానంతటది మూగబోలేదు. నేను దాని తీగ ఊడదీశాను.

ఎందుకు ఊడదీశానో చెప్పాలంటే మా నాన్న ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టాలి. రబ్బరు తోటలో పుట్టి, తోట వదిలాక పోర్ట్ క్లాంగ్ గోదాముల్లో బతుకు వెళ్ళదీసిన మనిషి ఆయన. అక్కడ మూటల కింద నలిగిన భుజం అది. గేరు మార్చడానికి సరిపోయేది గానీ ముందుకు చాపబోతే చెయ్యి సగంలో ఆగిపోయేది. మా కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కదా, పాటల పెట్టె ఎడమచేతికి ఉంటుంది. ఆయన కారులో ఉన్న పాత క్యాసెట్ పెట్టె ఎప్పుడో ఒక టేపును నమిలి మింగి, నోరు మూసుకుంది. దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. నాకైతే అది అలా ఉండటమే కావాలి.

అమ్మ పోయాక ఆ కారులో ముందు సీటు నాది. ఆదివారాలు చర్చికి, మిగతా రోజుల్లో రైలు స్టేషన్‌కి నాన్నే దింపేవాడు. పాటలు లేవు కాబట్టి మాటలు ఉండేవి. తోటలో వాళ్ళ అమ్మ ఏ కూర వండితే ఏమనేదో, రబ్బరు పాలు తీసే కత్తిని ఏమని పిలిచేవారో, పెళ్ళిలో వియ్యపురాలిని ఎలా ఆటపట్టించేవారో చెప్పేవాడు. దారిలో కంటైనర్ లారీ వెనక ఇరుక్కుంటే అందరూ విసుక్కుంటారు. నేను సంతోషించేదాన్ని. లారీ అడ్డొచ్చినప్పుడల్లా నాకు ఒక కొత్త మాట దొరికేది. ఈ రోజు మీరు చదువుతున్న తెలుగుకు పునాది పుస్తకాల్లో పడలేదు, ఆ సీట్లో పడింది. నాన్న నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. కానీ ఆ మాటలు నాకే చెప్తున్నాడు, ఇంకెవరికీ చెప్పడం లేదు. అది నాకు చాలనుకున్నాను.

తమ్ముడికీ నాన్నకూ అప్పటికి మాటలు అంతంత మాత్రం. నాన్న తనకు తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి గోదాములో ఉద్యోగం చూపిస్తే, వాడు దాన్ని వదిలేసి పాటల పెట్టెల పనిలో చేరాడు. "డప్పు పని" అనేవాడు నాన్న. కొన్నేళ్ళకు వాడికి సొంతంగా కొట్టు పెట్టాలన్న కోరిక పుట్టింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఏ తలుపు తెరిచినా ఇంటి పెద్ద దాని మీద చెయ్యి వేసి, తెలుగులో ప్రార్థన చేయాలి. పాస్టరుగారు వచ్చినా సరే, పెద్ద చెయ్యి పడనిదే తలుపు తీయరు. నాన్నను ఆ ప్రార్థనకు రమ్మని అడగాలి. అడగడానికి ముందు నాన్న మనసు కరగాలి. అందుకు వాడు తనకు వచ్చిన పనే చేశాడు.

ఒక శనివారం పొద్దున్నే వచ్చి, ఇంటి ముందు కారు తలుపులన్నీ తెరిచి కూర్చున్నాడు. చచ్చిన క్యాసెట్ పెట్టెను పీకేశాడు. ఆ ఖాళీలో కొత్తది పెడతాడనుకున్నాను. పెట్టలేదు. నాన్నను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని కుడిచెయ్యి ఊరికే కిందికి వదలమన్నాడు. చెయ్యి ఎక్కడ పడిందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. చెరిపి మళ్ళీ వదలమన్నాడు, మళ్ళీ గీశాడు. స్టీరింగుకు కుడిపక్కన, చిల్లరా టోల్ కార్డూ పడేసుకునే చిన్న అర ఉంటుంది. గీతలన్నీ దాని చుట్టూనే పడ్డాయి. ఆ అరను ఆకురాయితో అరగదీసి వెడల్పు చేసి, పెట్టెను అక్కడ బిగించాడు. తీగలన్నీ నాన్న బూటుకు తగలకుండా పైకి లాగి, నల్ల గుడ్డటేపు చుట్టాడు. పాత పెట్టె ఉన్న చోట పలక కోసి చిన్న అర చేశాడు. "అక్కా, ఇది నీకు. కళ్ళజోడు ఎట్టుకో" అన్నాడు.

కాఫీ పట్టుకుని నిలబడి అంతా చూశాను. ఎంత చక్కటి పని! అది నాకు అప్పుడే తెలుసు. "బానే ఉంది" అని మాత్రం అని కప్పు చేతికిచ్చాను.

మర్నాడు చర్చికి బయలుదేరాం. నాన్న కుడిచెయ్యి అలా జారవిడిచాడు, పాట మొదలైంది. తమ్ముడు ఎక్కడెక్కడివో తెలుగు కీర్తనలు వెతికి ఒక పెన్‌డ్రైవ్ నిండా నింపాడు. నాన్న గొంతు కలిపాడు. ఆయనకు అంత మంచి గొంతు ఉందని నాకు అన్నాళ్ళూ తెలియదు. లారీ వెనక ఇరుక్కున్నాం. ఆయన పాడుతూనే ఉన్నాడు. నేనొక మాట అడిగాను, వినపడలేదు. పాట అయ్యాక మాత్రం నా వైపు తిరిగి, "సూసినావా, నా సెయ్యి పడే కాడే ఎట్టినాడు. నా కొడుకు పనోడు" అన్నాడు. నా కొడుకు. ఇంటికి చేరేలోగా ఆ మాట ఇంకెన్నిసార్లు అన్నాడో. మర్నాడు స్టేషన్‌కి వెళ్తుంటే మళ్ళీ అదే పాట, అదే మాట.

దీనికి మంచి పేరేదైనా ఉందేమోనని ఏళ్ళ తరబడి వెతికాను. బాధ అన్నాను, ఒంటరితనం అన్నాను. నాన్నతో గడిపే కాలాన్ని కాపాడుకోవడం అని కూడా అన్నాను. నాకు మాటలకు కొదవేముంది? కానీ దాని పేరు ఈర్ష్య. కుళ్ళుమోతుతనం. అన్నం పెట్టింది నేను, మందులు తెచ్చింది నేను, భుజానికి నూనె రాసింది నేను. వాడొచ్చి ఒక్క పెట్టె బిగిస్తే నా కొడుకు పనోడా?

ఆ సాయంత్రం స్టేషన్ నుంచి నాన్నతో ఇల్లు చేరగానే వాన దంచికొట్టింది. నాన్న తల మీద సంచి కప్పుకుని లోపలికి పరుగెత్తాడు. టోల్ కార్డు కింద పడింది, తీసుకొస్తానని నేను ఆగాను. కార్డేమీ పడలేదు. డ్రైవరు సీట్లోకి జరిగి పెట్టె కింద చెయ్యి పెట్టాను. గుడ్డటేపు చుట్టిన తీగల చివర ఒక ప్లగ్గు తగిలింది. లాగాను. టిక్కుమని ఊడింది. దాన్ని కార్పెట్టు వెనక్కి తోసి, తడుస్తూ ఇంట్లోకి వచ్చి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. చేతులు వణకలేదు. వణికాయని రాస్తే మీకు నా మీద జాలి కలిగేది, కానీ వణకలేదు.

మర్నాడు నాన్న చెయ్యి పెట్టె మీద పడింది. పలకలేదు. ఒకటికి నాలుగుసార్లు నొక్కి ఊరుకున్నాడు. ఏదో తిడతాడనుకున్నాను. ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి భయం వేసింది, ఇంటికి వెళ్ళగానే ప్లగ్గు మళ్ళీ పెట్టేద్దామనే అనుకున్నాను. నిజం. కానీ సాయంత్రం నేను ఇంకా ఆఫీసులో ఉండగానే వాడి ఫోన్ వచ్చింది.

పాడయినాదా అక్కా?

వాడు ఏం అడుగుతున్నాడో నాకు తెలియలేదా? ఆ గొంతులో సంబరం వినపడలేదా? చెడిపోయిందా అని ఎవడైనా అంత ఆశగా అడుగుతాడా? వాడి తెలుగు నాకు తెలిసినంతగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు వాడు ఒక మాట బదులు ఇంకో మాట అంటే అమ్మకు అర్థం చెప్పింది నేనే. వాక్యం పూర్తికాక ముందే నాకు అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఆ మాటలో నాకొక చాటు కనిపించింది. పాడయినాది అంటే చాలు, అబద్ధం ఆడినట్టు కాదు. ఊడదీసిన సంగతి చెప్పనక్కర్లేదు. వాడు బాగా పాడయినాదా అని అడిగితే, బాగానే అన్నాను. అంటూ నవ్వు ఆపుకున్నాను కూడా. తీగ లాగడం కోపంలో చేసిన పని, చేతితో చేసింది. ఇది అలా కాదు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు మాత్రమే చేయగల మోసం ఇది.

చర్చి వాకిట్లో వాడు మిఠాయితో పాటు కొట్టు తెరిచే కబురు కూడా తెచ్చాడు. ఆ సంగతి నవ్వుల కథలో నేను చెప్పను. నాన్న అందరి ముందూ అన్నాడు, "కన్నతండ్రి కార్లో ఎట్టిన పెట్టే వారం నిలవనేదు. ఊరి జనం కార్లకి ఏటెడతావు? నాను రాను." తమ్ముడు ఒక్కసారి చూడనివ్వమని కారు దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, మోకాలి మీద వంగాడు. ప్లగ్గుకూ వాడి చేతికీ మధ్య జానెడు కూడా లేదు. నాన్న ముట్టుకోవద్దన్నాడు. అయినా వాడు వెనక్కి తగ్గలేదు. తగ్గేలా చేసింది నేను. తెలుగు నేర్చుకో అన్న ఆ మాట నేను అన్నది సరిగ్గా అప్పుడే. జనం నవ్వారు. వాడు లేచి నిలబడ్డాడు. వాడూ నవ్వాడు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకుని, "పరవాయిల్లక్కా" అన్నాడు.

అది తమిళం. పరవాలేదక్కా అని. ఆ రోజు నుంచి వాడు నాతో గానీ నాన్నతో గానీ మళ్ళీ తెలుగు మాట్లాడలేదు.

కొట్టు తెరవలేదు. నాన్న చెయ్యి పడని తలుపు తెరవడం వాడికి ఇష్టం లేకపోయింది. ఆ ఏడే ఉత్తరాన ఉన్న ఇపో పట్నం వెళ్ళి, మరదలి పుట్టింటివాళ్ళ దుకాణంలో పనికి కుదిరాడు. వాడి బతుకు నాశనమైందని చెప్పను, తిండికీ బట్టకూ లోటు లేకుండానే ఉన్నాడు. కానీ సొంత కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. నాన్న ఆ దుకాణం గడప తొక్కలేదు. ఇక నాకు దక్కిందేమిటి? మాటలు తిరిగొస్తాయనుకున్నాను. రాలేదు. నాన్న ఆ తరవాత కారులో పాడనూ లేదు, మాట్లాడనూ లేదు. లారీ వెనక ఇరుక్కుంటే ఇద్దరం లారీ వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం.

ప్లగ్గు మళ్ళీ పెట్టేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పెడితే అది పాడుతుంది. పాడితే పనివాడి తప్పు లేదని తేలిపోతుంది. తేలు కుట్టిన దొంగలా ఆ మూగ కారులో తిరిగాను. నాన్న పోయినప్పుడు తమ్ముడు వచ్చాడు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక వెళ్ళి ఆ కారు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కుడిచెయ్యి జారవిడిచి, పెట్టె మీద వేలు పెట్టి, ఇది ఎందుకు ఆగిపోయిందో ఒక్కసారి విప్పి చూస్తానని తమిళంలో అన్నాడు. ఇప్పుడెందుకురా అన్నాను. వాడు దిగిపోయాడు. అది రెండోసారి. తండ్రిని పాతిపెట్టి వచ్చిన రోజున కూడా వాడికి నిజం దక్కనివ్వలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చే గెలిచాను. మా వాళ్ళు నాకు శాలువా కప్పి, పిల్లల నోట తెలుగు నిలబెట్టిన తల్లి అన్నారు. కప్పించుకున్నాను. నా సొంత తమ్ముడి నోట తెలుగు లేకుండా చేసినదాన్ని నేనేనని ఆ శాలువా కప్పినవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఈ మధ్య వాడి కూతురు చదువుకని క్లాంగ్ వచ్చింది. హాస్టల్లో ఉంటుంది. ఆదివారం తనంతట తానే నా తరగతికి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. దానికి తెలుగు అసలు రాదు. అయినా ఎందుకు వచ్చిందో నేను అడగలేదు. పాడటం, పాడవటం పాఠం వచ్చింది. అలవాటు చొప్పున కథ ఎత్తుకున్నాను. ఎవరి కథో చెప్పలేదు, కానీ దానికి తెలుసని సగంలో తెలిసింది. పిల్లలందరూ నవ్వారు. అది నవ్వలేదు. కోపంగానూ చూడలేదు. నేను బోర్డు మీద రాసిన రెండు మాటలనూ పుస్తకంలోకి జాగ్రత్తగా దించుకుంటోంది. వాళ్ళ నాన్నకు చూపించడానికేమో. పాఠం మధ్యలో ఆపేసి పిల్లల్ని పంపేశాను.

ఇంటికి వచ్చి, నాన్న పోయాక నేనే నడుపుతున్న ఆ కారు దిగకుండా అలాగే కూర్చున్నాను. కళ్ళజోడు తీసి నా అరలో పెట్టాను. వాడు నాకోసం చేసిన అర. ఇన్నేళ్ళూ అందులోనే పెడుతున్నాను. వంగి, కార్పెట్టు వెనక చెయ్యి పెట్టాను. ప్లగ్గు నేను తోసిన చోటే ఉంది. గుడ్డటేపు జిగురు కాస్త కారింది గానీ చుట్టు వదల్లేదు. ప్లగ్గును దాని చోట నొక్కాను. టిక్కుమంది. తాళం తిప్పాను. పెట్టెలో దీపం వెలిగింది. మొదటి కీర్తన పల్లవి నుంచి అందుకుంది.

ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను, నా కోసమే. తరవాత ముఖం తుడుచుకుని, పాట ఆపకుండానే ఫోన్ తీసి తమ్ముడికి నా గొంతుతోనే సందేశం పంపాను. నాన్న ఇంట్లో మాట్లాడిన తెలుగులో చెప్పాను. "తమ్ముడా, ఇను, నాన్న కార్లో పెట్టి పాడతంది. ఇది ఎప్పుడూ పాడవనేదు. నువ్వు ఎట్టిన తీగ నానే ఊడదీసినాను. నువ్వు ఆ పొద్దు ఏటడిగినావో నాకు తెలుసు. తెలిసే అన్నాను." క్షమించమని అడగలేదు. అడిగితే వాడు మళ్ళీ ఆ తమిళం మాటే అంటాడని భయం. అది వినే అర్హత నాకు లేదు.

వాడు విన్నాడు. విన్నట్టు ఫోన్‌లో గుర్తు పడింది. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. వస్తుందో రాదో, వస్తే ఏ భాషలో వస్తుందో నాకు తెలియదు. వచ్చే ఆదివారం తరగతిలో మొన్న ఆపేసిన పాఠాన్ని పూర్తి చేయాలి. ఆ పిల్ల వచ్చినా, రాకపోయినా, ఈసారి కథ మొత్తం చెప్తాను. ఎవరూ నవ్వరు. ఆ సంగతి తలుచుకుంటేనే గుండె తేలికవుతోంది.

పాడయినాదా అక్కా అని అడిగాడు. పాడినాది తమ్ముడా. బాగా పాడినాది. నాన్న కూడా నీ పెట్టెతో గొంతు కలిపి పాడాడు. ఆ రోజే చెప్పాల్సిన జవాబు అది.